తల్లి అయిన తరువాత పాట: ఆనీ డిఫ్రాంకో సంగీతంలో రెండు దశలు

స్త్రీలు కట్టిన పాటల చరిత్రలో ఖాళీలు ఎక్కువ. ఒక గాయని పదహారేళ్ళ ప్రాయంలో పాడినట్లు దాఖలా దొరుకుతుంది. ఆ తరువాత ఇరవయ్యేళ్ళో, ముప్పయ్యేళ్ళో ఏ దాఖలా ఉండదు. పెళ్ళి, పిల్లలు, సంసారం అన్న మూడు మాటలతో చరిత్రకారుడు ఆ ఖాళీని దాటిపోతాడు. పాట అక్కడ ఆగిపోయిందా, ఇంట్లోనే మరో రూపంలో సాగిందా, సాగి ఉంటే విన్నవారెవరు అన్న ప్రశ్నలు మాత్రం మిగిలిపోతాయి.

ఈ ప్రశ్నలను పరిశీలించడానికి మేము అమెరికాకు చెందిన ఆనీ డిఫ్రాంకో అనే గాయనిని ఎన్నుకొన్నాము. ఆమె విషయంలో అలాంటి ఖాళీ లేకపోవడమే ఇందుకు కారణం. 1990 నుంచి ఆమె తన పాటలను తానే కట్టి, తానే పాడి, తన సొంత సంస్థ ద్వారానే విడుదల చేస్తూ వచ్చింది. 2007లో తల్లి అయింది. అంతకు ముందరి పాటలూ, తరువాతి పాటలూ సంవత్సరాలతో సహా మన ముందున్నాయి. బిడ్డ పుట్టడం ఒక కళాకారిణి పనిలో ఏ మార్పు తెస్తుందో ఊహల మీద ఆధారపడకుండా చూడడానికి ఇది మంచి అవకాశం.

‘ఫోక్’ అన్న మాటకు అక్కడి అర్థం

మన విద్యార్థులకు జానపద గేయం అనగానే కర్త పేరు తెలియని, నోటి నుంచి నోటికి వచ్చిన పాట గుర్తుకు వస్తుంది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసిన 1950ల నుంచి మనకు అలవాటైన అర్థం దాదాపు అదే. అమెరికాలో ‘ఫోక్’ అన్న మాట 1940ల నుంచి విస్తరించింది. వుడీ గథ్రీ, పీట్ సీగర్ వంటివారు పాత బాణీలకు కొత్త మాటలు కట్టి కార్మిక సభల్లో పాడారు. 1960లలో బాబ్ డిలన్, జోన్ బయెజ్‌ల కాలం వచ్చేసరికి, గిటారు చేతబట్టి తన పాట తానే కట్టి పాడే వ్యక్తిని కూడా ఫోక్ గాయకుడనే పిలవడం స్థిరపడింది. మన ‘వాగ్గేయకారుడు’ అన్న మాట ఈ సందర్భంలో కొంత పనికి వస్తుంది. అయితే మన వాగ్గేయకారుల కృతులకున్న రాగతాళాల శాస్త్రనియమం ఇక్కడ లేదని గుర్తుంచుకోవాలి.

‘స్వతంత్ర’ గాయని అన్నప్పుడు కూడా ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకొన్న గాయకుడికి కంపెనీ ముందుగా సొమ్ము ఇస్తుంది. దానికి బదులుగా రికార్డింగు మీద హక్కు సాధారణంగా కంపెనీకి పోతుంది. ఎప్పుడు విడుదల చేయాలి, ఎలా ప్రచారం చేయాలి అన్న నిర్ణయాలలో కంపెనీదే పైచేయి. స్వతంత్ర గాయనికి ఆ ముందు సొమ్మూ, ఆ ప్రచారమూ ఉండవు. ఖర్చూ నష్టమూ ఆమెవే. పాట మీద హక్కూ, పని వేగం మీద అధికారమూ కూడా ఆమెవే. ఈ చివరి మాట మన పరిశీలనలో మళ్ళీ అవసరమవుతుంది.

ముందు తరాల తల్లులు

డిఫ్రాంకో దగ్గరికి వచ్చే ముందు, అదే సంప్రదాయంలో ఆమెకు ముందున్న ఇద్దరు తల్లుల గురించి తెలుసుకోవాలి.

మొదటి ఆమె ఫ్లారెన్స్ రీస్ (1900–1986). భర్త శామ్ రీస్ కెంటకీ రాష్ట్రంలోని హార్లన్ కౌంటీలో బొగ్గుగని కార్మికుడు, సంఘ నాయకుడు. 1931లో గని కార్మికులకూ యజమానులకూ మధ్య తీవ్రమైన పోరాటం సాగుతున్న రోజుల్లో షెరీఫ్ మనుషులు శామ్‌ను వెదుక్కొంటూ ఇంటి మీదికి వచ్చారు. అతడు ఇంట లేడు. ఇంట్లో ఉన్నది ఫ్లారెన్సూ, పిల్లలూ. ఆ సంఘటన తరువాత ఆమె గోడకున్న క్యాలెండరు కాగితం చించి, దాని మీద ఒక పాట రాసింది. ‘మీరు ఎవరి పక్షం?’ అని నిలదీసే ఆ పాట (విచ్ సైడ్ ఆర్ యూ ఆన్) ఒక పాత బాణీలో సాగుతుంది. 1941లో పీట్ సీగర్ సభ్యుడుగా ఉన్న ఆల్మనాక్ సింగర్స్ బృందం దానిని రికార్డు చేసిన తరువాత అది అమెరికా కార్మికోద్యమంలో స్థిరపడిపోయింది. పాట దేశమంతా తిరిగినా, దానిని కట్టిన తల్లి వృత్తి గాయని కాలేదు.

రెండవ ఆమె ఎలిజబెత్ కాటన్. ఉత్తర కరొలైనాలోని ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఎడమచేతి వాటం కావడంతో గిటారును తలకిందులుగా పట్టుకొని వాయించే పద్ధతిని తనంతట తానే అలవరచుకొంది. ‘ఫ్రెయిట్ ట్రెయిన్’ అనే పాటను బాల్యంలోనే కట్టింది. చిన్నవయసులోనే పెళ్ళి, బిడ్డ. లౌకికమైన పాటలు తగవన్న చర్చి వారి మాట ఒకవైపు, ఇంటి బరువు మరొకవైపు. ఆమె గిటారు పక్కన పెట్టింది. అది మళ్ళీ చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తూ, తప్పిపోయిన ఒక చిన్నపిల్లను తల్లికి అప్పగించింది. ఆ పిల్ల తరువాతి కాలంలో ప్రసిద్ధ గాయని అయిన పెగ్గీ సీగర్. ఆ పరిచయంతో సీగర్ల ఇంట్లో పనికి కుదిరింది. గోడకు వేలాడుతున్న గిటారు తీసి ఆమె వాయించినప్పుడు గాని ఆ ఇంటివారికి ఆమె కళ తెలియలేదు.

1958లో ఆమె తొలి ఆల్బం వెలువడే నాటికి ఆమెకు అరవై దాటాయి. అప్పటికే ‘ఫ్రెయిట్ ట్రెయిన్’ ఇంగ్లండు చేరి, ఇతరుల పేర్ల మీద నమోదై, 1957లో అక్కడ జనాదరణ పొందింది. కర్తగా ఆమె పేరు నిలబడడానికి న్యాయపరమైన ప్రయత్నం అవసరమైంది. 1967 నాటి ‘షేక్ షుగరీ’ ఆల్బంలోని ఆ పేరుగల పాటను ఆమె మునిమనుమలతో కలిసి కట్టింది. రికార్డులో దానిని పాడింది పన్నెండేళ్ళ మునిమనుమరాలు. తొంభయ్యో పడిలో ఉండగా ఆమెకు గ్రామీ పురస్కారం వచ్చింది. 1987లో మరణించింది.

ఈ ఇద్దరి చరిత్రలో పాట పుట్టడానికి ఇల్లు అడ్డు కాలేదు. రీస్ పాట పుట్టింది ఇంట్లోనే, పిల్లల నడుమనే. కాటన్ ముదిమిలో కట్టిన పాట పిల్లల ఆటలోంచి వచ్చింది. లేనివి రెండు: పాటకు కావలసిన సమయం, పాట మీద హక్కు.

తొలి దశ: 1990 నుంచి 2006 వరకు

ఆనీ డిఫ్రాంకో 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో పుట్టింది. తొమ్మిదేళ్ళ వయసులోనే తన గిటారు గురువుతో కలిసి స్థానిక వేదికల మీద పాడసాగింది. పదిహేనేళ్ళకు తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడివడి స్వయంగా బతకడం మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళకు, 1990లో, తొలి ఆల్బం తెచ్చింది. దానికోసం పెట్టుకొన్న చిన్న సంస్థే తరువాత ‘రైచస్ బేబ్ రికార్డ్స్’గా పేరుపొందింది. పెద్ద కంపెనీలు పిలిచినా ఆమె వెళ్ళలేదు. కచేరీ నుంచి కచేరీకి కారు నడుపుకొంటూ, క్యాసెట్లు తానే అమ్ముకొంటూ శ్రోతలను కూడగట్టుకొంది. 1997లో విడుదలైన ‘లివింగ్ ఇన్ క్లిప్’ అనే కచేరీ రికార్డు అమెరికాలో గోల్డ్ గుర్తింపు పొందే స్థాయిలో అమ్ముడుపోయింది.

ఆ సంవత్సరమే ‘మిజ్’ అనే స్త్రీవాద పత్రిక ఆమెను ప్రశంసిస్తూ, ఒక్కో రికార్డు మీద ఆమెకు ఎంత మిగులుతుందో లెక్క కట్టి చూపించింది. దానికి ఆమె బహిరంగ లేఖ రాసింది. తనను డబ్బు లెక్కతో గుర్తుంచుకోవద్దని, పాటతో గుర్తుంచుకొమ్మని ఆ లేఖ సారాంశం.

ఈ దశలోని పాటలకు వేగం ప్రధాన లక్షణం. గిటారు తీగలను కొట్టినట్లు మీటడం, మాటలు ఊపిరి సలపనంత దగ్గరగా పడడం, ప్రేమలో గాని రాజకీయాల్లో గాని ఎదుటివారిని నిలదీయడం కనిపిస్తాయి. గర్భస్రావ హక్కు, జాతి వివక్ష, మరణశిక్ష, ఆయుధాలు, స్త్రీపురుష సంబంధాలు ఆమె విషయాలు. పని వేగమూ అలాగే ఉండేది. 1990 నుంచి 1999 వరకు పది స్టూడియో ఆల్బములకు తక్కువ కాకుండా వచ్చాయి. అవి గాక కచేరీ రికార్డులు, యూటా ఫిలిప్స్ అనే పాతతరం కథకుడి మాటలకు సంగీతం కూర్చిన రికార్డూ ఉన్నాయి. పాట కట్టగానే రికార్డు చేయడం, మళ్ళీ ఊళ్ళ వెంట బయలుదేరడం ఆమె పద్ధతి.

ఈ వేగానికి ఆమె మూల్యం చెల్లించింది. 2005లో చేతి నరాల వాపు వల్ల కచేరీలు ఆపవలసి వచ్చింది. ఆ ఆగస్టులో న్యూ ఆర్లియన్స్‌లో ‘రిప్రీవ్’ ఆల్బం పని సాగుతుండగా కత్రీనా తుఫాను వచ్చింది. ఊరు విడిచి బఫలో చేరి ఆ పని పూర్తి చేసింది. 2006లో అది వెలువడింది.

బిడ్డ పుట్టిన తరువాత

2007 జనవరిలో ఆమెకు కూతురు పుట్టింది. ఆ ఏడాది కొత్త స్టూడియో ఆల్బం రాలేదు. ‘కేనన్’ అనే సంకలనం వచ్చింది. ఈ సంకలనాన్ని కాలక్షేపపు ప్రచురణగా తీసివేయకూడదని మా అభిప్రాయం. అందులో ఐదు పాత పాటలను ఆమె కొత్తగా పాడి చేర్చింది. వాటిలో తొలి ఆల్బంలోని ‘బోత్ హ్యాండ్స్’ కూడా ఉంది. తొందరలో చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకొని సరిదిద్దుకొనే తీరిక ఆమెకు అప్పుడు చిక్కిందన్నమాట.

2008 సెప్టెంబరులో ‘రెడ్ లెటర్ ఇయర్’ వచ్చింది. దీని నిర్మాణంలో సగం బాధ్యత బిడ్డ తండ్రి మైక్ నాపొలిటానోది. ఈ ఆల్బం పని రెండేళ్ళకు పైగా సాగింది. బిడ్డ వల్ల తన వేగం తగ్గిందని, ఆ నెమ్మది పాటకు మేలు చేసిందని ఆమె ఆ రోజుల్లో చెప్పుకొంది.

ఆ ఆల్బంలో రెండు పాటలు నేరుగా బిడ్డకు సంబంధించినవి. ‘ల్యాండింగ్ గేర్’ భూమి మీదికి దిగివస్తున్న శిశువును ఉద్దేశించినది. ‘ప్రెజెంట్/ఇన్ఫెంట్’ మరింత లోతైన పాట. అందులో తల్లి తన రూపం గురించి, తన విలువ గురించి తనలో దాగి ఉన్న పాత సందేహాలను చెప్పుకొంటుంది. ఒకనాడు బిడ్డ ముఖంలో తన ముఖమే కనిపిస్తుంది. బిడ్డను ప్రేమిస్తూ అదే ముఖాన్ని తనలో ఎలా ద్వేషించుకోగలను అన్న ఆలోచన ఆమెను మారుస్తుంది. తొలి దశలో అద్దం ఎదుటివారికి పట్టిన గాయని ఈ పాటలో దానిని తనవైపు తిప్పుకొంది. కోపం స్థానంలో కృతజ్ఞత వచ్చింది. గొంతు కూడా దిగింది. మాటకూ మాటకూ మధ్య విరామం ఏర్పడింది.

అప్పుడు కొందరు శ్రోతల నుంచి ఒక ఫిర్యాదు వినిపించింది. తల్లి అయ్యాక ఆమెలో నిప్పు చల్లారిందని, సుఖం పాటను మెత్తబరచిందని. ఆల్బం మొత్తం విన్నవారు ఈ మాటను ఒప్పుకోలేరు. అందులోనే ‘ది ఆటమ్’ అన్న పాట ఉంది. అణువు పవిత్రమైనదని, దానిని ఆయుధంగా మార్చడం అపచారమని ఆ పాట వాదిస్తుంది. లోకంలోని అన్యాయాల్లో పాలు పంచుకోనని చెప్పే ‘ఆల్లా దిస్’ కూడా ఉంది. బిడ్డకు స్వాగతం చెప్పిన నోరే బాంబును తిట్టింది. ఆ రెండింటికీ సంబంధం ఉంది. లోకం రేపటికి కూడా ఉండాలన్న కోరిక తల్లికి ఇక సిద్ధాంతం కాదు, ఇంటి విషయం.

నాలుగేళ్ళ తరువాత, 2012లో వచ్చిన ఆల్బం ఈ విషయాన్ని తేల్చి చెప్పింది. దాని పేరు ‘విచ్ సైడ్ ఆర్ యూ ఆన్’. పైన చెప్పుకొన్న ఫ్లారెన్స్ రీస్ పాటనే డిఫ్రాంకో తన కాలానికి తగిన కొత్త చరణాలతో పాడింది. 1941లో ఆ పాటను రికార్డు చేసిన బృందంలోని పీట్ సీగర్, 90 దాటిన వయసులో, ఈమె పాటకు బాంజో వాయించాడు. 1931లో ఒక తల్లి క్యాలెండరు కాగితం మీద రాసిన పాట 81 ఏళ్ళ తరువాత మరో తల్లి గొంతులో వినిపించింది. ఆ ఆల్బంలోనే స్త్రీపురుషుల సమానహక్కును రాజ్యాంగంలో చేర్చాలని వాదించే ‘అమెండ్‌మెంట్’ ఉంది. నిప్పు చల్లారిందన్న వారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

2013లో ఆమెకు కొడుకు పుట్టాడు. ‘అలర్జిక్ టు వాటర్’ 2014లోనూ, ‘బైనరీ’ 2017లోనూ వచ్చాయి. 2021 నాటి ‘రెవల్యూషనరీ లవ్’కు ప్రేరణ భారతీయ మూలాలున్న సిక్కు రచయిత్రి వాలరీ కౌర్ 2020లో ప్రచురించిన పుస్తకం. సమాజంలో మార్పు తేవడాన్ని కౌర్ పురిటి శ్రమతో పోల్చి చెబుతుంది. పురుడు పోసుకొన్న గాయనికి ఆ పోలిక సొంతమనిపించడంలో వింత లేదు. 2023లో డిఫ్రాంకో పిల్లల కోసం ‘ది నోయింగ్’ అనే బొమ్మల పుస్తకం కూడా రాసింది. 2024లో మరో ఆల్బం వచ్చింది. 2008 తరువాతి పదహారేళ్ళలో ఆమె తెచ్చిన స్టూడియో ఆల్బములు ఐదు. సంఖ్యను మాత్రమే చూసేవారికి ఇది తరుగుదల. పాటలు విన్నవారికి కాదు.

పరిణతికి కారణాలు

బిడ్డ పుట్టడం వల్లనే పాట పరిణతి చెందిందని తేల్చివేయడం సులువు. మాకు అది సగం నిజంగానే తోస్తుంది. బిడ్డ ఆమెకు కొత్త విషయాన్ని ఇచ్చింది, వేగాన్ని తగ్గించింది. అయితే వేగం తగ్గిన తల్లులందరి పాటా పరిణతి చెందలేదు. పెక్కుమంది పాట ఆగిపోయింది. ఎలిజబెత్ కాటన్‌కు బిడ్డ పుట్టాక దొరికింది మౌనం. డిఫ్రాంకోకు దొరికింది నెమ్మది. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పడం చరిత్ర విద్యార్థి పని.

సంస్థ ఆమె సొంతం. ఫలానా నెలకు రికార్డు ఇవ్వాలని గడువు పెట్టేవారు లేరు. రెండేళ్ళు ఆగినా ఆమెను ఒప్పందం నుంచి తొలగించేవారు లేరు. పాత పాటల హక్కులు ఆమెవే కనుక వాటి రాబడి ఆగలేదు. సహచరుడు అదే పనిలో ఉన్నవాడు. రికార్డింగు పని ఇంటికి దగ్గరయింది. 1990లో పెద్ద కంపెనీలను కాదని ఆమె తీసుకొన్న నిర్ణయం 2007లో ఆమెకు తల్లిగా సమయాన్ని సంపాదించిపెట్టింది. కాటన్‌కు ఈ వసతులలో ఏ ఒక్కటీ లేదు. జాతి, పేదరికం, ఇతరుల ఇళ్ళలో పని ఆమె సమయాన్ని తీసుకొన్నాయి. పాట మీద పేరును కూడా ఇతరులు తీసుకొన్నారు.

మరో విషయం కూడా దాచకుండా చెప్పాలి. మాతృత్వం మనిషికి దానంతట అదే సర్వవివేకం ఇవ్వదు. 2013 చివర డిఫ్రాంకో లూయిసియానాలోని నాటొవే అనే పాత తోటల బంగళాలో పాటలు కట్టే శిబిరం తలపెట్టింది. అది ఒకప్పుడు నల్లజాతి బానిసలచేత చాకిరీ చేయించిన చోటు. నల్లజాతి స్త్రీలతో సహా ఎందరో నిరసన తెలిపారు. శిబిరం రద్దయింది. ఆమె మొదటి వివరణ సమర్థింపులా ఉందన్న విమర్శ రావడంతో, కొద్దిరోజులకు సూటిగా క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. ఎలిజబెత్ కాటన్ వంటి తల్లుల చరిత్రను గుర్తుంచుకోవడం వేరే చదువు. అది ఊయల దగ్గర వచ్చేది కాదు.

మన విద్యార్థులు చేయదగిన పని

తెలుగు స్త్రీల పాటలను చదివినవారికి ఈ విషయం కొత్తగా తోచదు. ఆచార్య వెల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రచురించిన వ్యాసంలో, ఆంధ్రదేశంలో ఇళ్ళలో స్త్రీలు పాడుకొనే రామాయణపు పాటలు కౌసల్య వేవిళ్ళకు, పురిటి నొప్పులకు, పసిబిడ్డ సంరక్షణకు ఇచ్చిన చోటును ప్రత్యేకంగా చూపించారు. కావ్యాలు దాటిపోయిన గదిలో ఆ పాటలు ఆగి నిలబడ్డాయి. ఆ పాటలు కట్టినవారిలో తల్లులెందరో ఉండి ఉంటారు. వారిలో చాలామంది పేర్లు పాటతో పాటు రాలేదు.

హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం వంటి చోట్ల చదువుకొంటున్న మన విద్యార్థులు చాలామంది ఇంట్లో తెలుగు వింటారు, బడిలో మరో భాష రాస్తారు. అలాంటి ఇళ్ళలో అచ్చుకెక్కని తెలుగు పాటకు ఆధారం అమ్మో, అమ్మమ్మో, నాయనమ్మో. వారి దగ్గర పాట సేకరించేటప్పుడు పాటతో ఆగవద్దు. ఆ పాట ఎప్పుడు నేర్చారు, ఏ బిడ్డ పుట్టినప్పుడు పాడారు, సొంతంగా చేర్చిన చరణం ఏది, పాడడం మానిన ఏళ్ళు ఎన్ని, ఎందుకు మానారు, మళ్ళీ ఎవరి కోసం మొదలుపెట్టారు అని అడిగి రాసుకోవాలి. పాడినవారి అనుమతితో వారి పేరు పాట పక్కనే రాయాలి. ఫ్లారెన్స్ రీస్ క్యాలెండరు కాగితం మీద రాసిన పాటకు కర్త పేరు మిగిలింది. మన ఇళ్ళలోని పాటలకు ఆ పేరు మిగలడం, ఇప్పుడు పలక పట్టి వారి ముందు కూర్చొనే విద్యార్థి మీద ఆధారపడి ఉంది.